హెడ్‌లైటులో నీళ్ళు

హెడ్‌లైటు అద్దం లోపల నీళ్ళున్నాయి.

బుల్లిరాజు మోకాళ్ళమీద కూర్చుని మళ్ళీ చూశాడు. తడి అద్దానికి బయట లేదు, లోపలే ఉంది. అడుగున సన్నని గీతలా నిలిచింది. వేలితో అద్దాన్ని తడితే ఆ గీత కదిలింది.

లేచి ఎడమ తలుపు దగ్గరికి నడిచాడు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఒకచోట ఊడి వేలాడుతోంది. బానెట్టు అంచున పాత పెయింటు గోరంత మేర లేచిపోయింది. అక్కడ తుప్పు లేదు, గీతా లేదు. పంపు నీళ్ళు మరీ దగ్గరనుంచి, సూటిగా కొడితే పెయింటు అలాగే లేస్తుంది.

అలా కొట్టేది పంపు పట్టడం రానివాడే.

నిన్న ఈ నల్ల ప్యూజో కారును పట్టుకున్నది తనే. ఆయుధపూజనాటి సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో, కదిర్కామం రోడ్డుమీద చెల్లప్పన్ అనే మిల్లు కార్మికుణ్ణి ఏదో కారు గుద్ది ఆపకుండా పోయింది. మగ్గాల పూజ ముగించుకుని, బొరుగుల పొట్లం హ్యాండిలుకు కట్టుకుని సైకిలుమీద ఇంటికి వస్తున్నవాడు రోడ్డుపక్కనే ప్రాణం వదిలాడు. పోలీసులమీద నమ్మకం లేక తోటి కార్మికులు ప్రయివేటు డిటెక్టివ్ బుల్లిరాజును పిలుచుకున్నారు. గడ్డిలో దొరికిన వీల్‌కప్పు పట్టుకుని ఊరంతా తిరిగి, నూనె వ్యాపారి ఆర్. లోకనాథన్ షెడ్డులో వీల్‌కప్పు లేని చక్రాన్ని, దాని పైన మడ్‌గార్డుకు కొత్తగా పూసిన నల్లరంగును కనిపెట్టాడు. డ్రైవరు ఏలుమలైని నాలుగు ప్రశ్నలు అడిగాడు. అయిదో ప్రశ్నకు ముందే వాడు "నేనే సార్" అని తల వంచేశాడు.

నిన్న సాయంత్రం టీ కొట్టులో బుల్లిరాజు అడుగుపెడితే బెంచీమీది వాళ్ళు లేచి నిలబడి మెడలో పూలమాల వేశారు. చెల్లప్పన్ భార్య పట్టమ్మాళ్ కాళ్ళకు దండం పెట్టబోయింది. వద్దమ్మా అన్నాడే గాని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఇప్పుడు ఆ నిద్ర తలుచుకుంటేనే సిగ్గేసింది. నిన్న చూసింది సాయంత్రపు మసక వెలుతురులో. నేరం ఒప్పుకునే మనిషి దొరికాక కారును రెండోసారి చూడాలని తోచలేదు. ఫ్రెంచివాళ్ళ హయాంలో పోలీసు గ్యారేజీ ఆరేళ్ళు నడిపినవాడు చేయకూడని తప్పు.

కారు కిందికి దూరబోతుండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏంది బుల్లిరాజు గారూ, ఇంకా ఏమి మిగిలింది ఇక్కడ?"

లోకనాథన్. తెల్లచొక్కా, నుదుట తిరునామం, కళ్ళకింద నలుపు. ఈ ఊళ్ళో నాలుగు తరాలుగా నూనె అమ్ముతున్న ఇంటివాడు.

"ఒక్క మాటండీ. ఈ పంపుతో కారు కడిగేది ఎవరు?"

"లారీలకు పెట్టించిన పంపు అది. కారయితే ఏలుమలై కడుగుతాడు. ఇంకెవర్నీ తాకనియ్యడు."

"ఆ రోజూ వాడేనా?"

"వాడే కదా ఒప్పుకున్నాడు!" లోకనాథన్ గొంతు గట్టిపడింది. "నేను ఆరునుంచి తొమ్మిది దాకా ఇన్‌స్పెక్టర్ రంగనాథన్ పక్కనే ఉన్నాను. అట్లని ఆయనే రాసిచ్చినాడు. పోండి సార్. మా అమ్మ మూడు దినాలుగా అన్నం ముట్టలేదు. మా వాకిట్లో ఇంక పోలీసు మాట వద్దు."

బుల్లిరాజు చేతులు దులుపుకున్నాడు. లోకనాథన్ కుడిచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

"వేలికేమైందండీ?"

"తలుపులో పడింది."

*

లాకప్పులో ఏలుమలై గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై దాటినవాడు. పుట్టుకతో తమిళుడు. ఎనిమిదేళ్ళ వయసునుంచి లోకనాథన్ ఇంట్లోనే పెరగడంవల్ల ఆ ఇంటి తెలుగే వాడి నోట పలుకుతుంది.

"సాయంత్రం కోర్టుకు తీసుకుపోతారంట సార్," అన్నాడు వాడే ముందుగా. "తొందరగా అయిపోతే మేలు."

"అవుతుంది. ఆ రాత్రి కారు కడిగింది ఎవరు?"

"నేనే. నిన్న చెప్పినా కదా."

"ఎలా కడిగావు?"

"ఎట్ల అంటే? అందరూ కడిగినట్లే."

"అందరి సంగతి వద్దు. నువ్వు ఎలా కడుగుతావో చెప్పు."

ఏలుమలై మొదట అనుమానంగా చూశాడు. తర్వాత వాడి చేతులు తమంతట తామే లేచాయి, కనిపించని గొట్టాన్ని పట్టుకున్నట్టు.

"బండి వచ్చిన వెంటనే నీళ్ళు కొట్టకూడదు సార్. బానెట్టు చల్లారాల. నీడలో పెట్టాల. మొదట చక్రాలు, అడుగుభాగం, ఆ బురద పోవాల. అది పోకముందే పైన గుడ్డ పెట్టి తుడిస్తే గీతలు పడిపోతాయి. పంపు మూతి బండికి రెండు మూరలు దూరంలో ఉండాల. నీళ్ళు ఏటవాలుగా జారాల గాని నేరుగా గుచ్చకూడదు. తలుపు సందుల్లో, రేడియేటరు మీద, లైట్ల మీద పంపు పెట్టనే కూడదు. అక్కడ చెంబుతో పోసి చేత్తో కడగాల. కొత్తగా రంగేసిన చోటయితే నెల దాకా పంపు వాసన కూడా తగలనియ్యను. మా అయ్యగారు ఆ బండి మద్రాసు రేవులో దింపినప్పటినుంచి ఒక్క చుక్క లోపలికి పోనియ్యలేదు సార్."

"మరి ఎడమ హెడ్‌లైటులో నీళ్ళెలా వచ్చాయి?"

చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"యాడ?"

"ఎడమవైపు. తలుపు రబ్బరు ఊడింది. బానెట్టు అంచున పెయింటు కూడా లేచింది."

ఏలుమలై ఒక్క ఉదుటున కమ్మీల దగ్గరికి వచ్చాడు. వాడి ముఖం జేవురించింది.

"ఎవుడు సార్, నా బండికి అట్ల చేసింది?"

అనేశాక వాడికి తను ఏమన్నాడో తెలిసింది.  కళ్ళు నేలకు దించాడు.

మనిషిని చంపానని నిన్నటినుంచి ఒప్పుకుంటున్నవాడు, కారుమీద నీళ్ళు తప్పుగా కొట్టానని ఒక్క నిమిషం కూడా ఒప్పుకోలేకపోయాడు. బుల్లిరాజు కమ్మీలు పట్టుకున్నాడు.

"ఎవరికోసం అబద్ధమాడుతున్నావు ఏలుమలై?"

"నేనే సార్. నేనే కడిగినా. భయంలో చెయ్యి తప్పింది."

"వాడు చెప్పినాడు కదా, వినబడలేదా?"

ఈ చివరి మాట వెనకనుంచి వచ్చింది. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ రంగనాథన్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. లోకనాథన్‌తో కలిసి ఒకే వీధిలో పెరిగినవాడు. జెండా మారినప్పుడు కొత్త ప్రభుత్వం నమ్మి పైకి తెచ్చినవాళ్ళలో ఒకడు. అదే జెండా మారినప్పుడు బుల్లిరాజు ఉద్యోగం ఊడింది.

"నిన్న పట్టిచ్చిందీ నువ్వే, ఈరోజు విడిపించేదీ నువ్వేనా?" రంగనాథన్ నవ్వాడు. "ఏందయ్యా ఇది, ఈ చేత్తో అమ్మి ఆ చేత్తో కొనేదానికి మీ యానాం యాపారమా?"

"నిన్న నేను పొరపాటు పడ్డానండి."

"బాగుండాది. మిల్లోళ్ళ దగ్గరికి పోయి ఆ మాట చెప్పు. పూలమాల వెనక్కి అడుగుతారు."

"చెప్తాను. అంతకుముందు మేజిస్ట్రేటుగారికి చెప్తాను. ఈ కారు కడిగినవాడికి పంపు పట్టుకోవడమే రాదు. ఏలుమలై కడగలేదు. కడగనివాడు తోలాడనడం కూడా అబద్ధమే."

"లైట్లో రెండు చుక్కల నీళ్ళు చూసి కోర్టుకు పోతావా? ఆ పంపు బలం నీకేమి తెలుసు? మూతి చేతిలో నిలవదు, పాము మాదిరి ఎగిరెగిరి పడతాది. ఎవడు పట్టినా లైటుకు తగలాల్సిందే."

"మీరెప్పుడు పట్టారండీ?"

రంగనాథన్ నవ్వు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"పంచనామాకు పోలేదా నేను?"

"పంచనామాకు పంపు తిప్పే పనేంటి?"

"నీ తెల్లదొరలు నేర్పలేదేమో. మేము అన్నీ తిప్పి చూస్తాము." జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "పో బుల్లిరాజూ. నీ దొరలు ఓడెక్కి ఏడాది కావస్తా ఉంది. నువ్వింకా రేవులోనే నిలబడి ఉండావు."

లాకప్పు ముందున్న కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు. బుల్లిరాజు చెవులు వేడెక్కాయి. జవాబు కోసం వెతుక్కుంటూ, అడగాల్సిన రెండో ప్రశ్న, ఆ పంపు తిప్పింది ఏ రోజని, అడగకుండానే బయటికి వచ్చేశాడు. మెట్లు దిగాక గాని ఆ సంగతి గుర్తు రాలేదు. తిరిగి లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు.

*

లోకనాథన్ కొట్టులో ఉండే వేళ చూసి మళ్ళీ ఆయన ఇంటికి వెళ్ళాడు. షెడ్డు తాళం తీసింది ఆయన తల్లి అమ్మాయమ్మ. డెబ్భై ఏళ్ళ మనిషి, నిటారుగా నడుస్తుంది.

"మళ్ళా వచ్చినావా నాయనా," అంది. వద్దనలేదు. గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చుంది.

బుల్లిరాజు చొక్కా విప్పి, టార్చి పట్టుకుని ముందు చక్రం వెనకనుంచి మడ్‌గార్డు కిందికి దూరాడు. సొట్ట చిన్నదే, అరచేయంత. పైనుంచి చూస్తే లప్పం పెట్టి, రుద్ది, లారీలకు వేసే నల్లరంగు కుంచెతో పూశారు. లోపలివైపు చేత్తో తడిమాడు. రేకు నిండా గుంటలు.

సొట్ట తీయడం వచ్చినవాడు బయట ఇనుపదిమ్మె ఆనించి, లోపలనుంచి చిన్న సుత్తితో అంచుల దగ్గర మొదలుపెడతాడు. చుట్టూ తట్టుకుంటూ మెల్లగా నడిమికి వస్తాడు. రేకు తన చోటికి తనే తిరిగి వస్తుంది. ఇక్కడ దిమ్మె లేదు. పెద్ద సుత్తితో నడిమధ్యనే బాదారు. రేకు సాగి ఉబ్బిపోయింది. ఆ ఉబ్బు దాచడానికే అంత లప్పం. చోటు ఇరుకు. అక్కడ సుత్తి తిప్పినవాడు వేలు చితక్కొట్టుకోకుండా ఉండడం కష్టం.

గుడ్డ చుట్టిన బొటనవేలు కళ్ళముందు మెదిలింది.

టార్చి ఇంకొంచెం లోపలికి తిప్పాడు. పంపు నీళ్ళు చేరని మూల అది. ఒక్కో గుంటలో ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. నెత్తురనుకున్నాడు. గోటితో గీకి వాసన చూశాడు.

నెత్తురు కాదు. కుంకుమ. దాని కింద ఎండిన గంధం.

బుల్లిరాజు కారు కిందనుంచి బయటికి వచ్చి నేలమీదే కూర్చుండిపోయాడు. ఆయుధపూజనాడు ఈ ఊళ్ళో టింకరు సుత్తి ఎత్తడు, దర్జీ కత్తెర తీయడు, డ్రైవరు స్పానరు తాకడు. అన్నీ గంధం కుంకుమ పెట్టుకుని అరిటాకు మీద పడుకుంటాయి. మర్నాడు పూజ ఎత్తాకే చేతికి వస్తాయి.

"అమ్మా, పూజ ఎత్తాక సామాను ఎలా ఇస్తారు మీ ఇంట్లో? బొట్టుతోనేనా?"

అమ్మాయమ్మ కొంగు సర్దుకుంది.

"కాదు. నేనే ఒక్కొక్కటీ కడిగి, తుడిచి, చేతికిస్తాను. మా అత్త నేర్పిన పద్ధతి."

"అయితే మడ్‌గార్డు లోపల కుంకుమ అంటిందంటే, ఆ సుత్తి పూజ ఎత్తకముందే లేచింది. ఆ రాత్రే. ఏలుమలై పూజలో ఉన్న సుత్తి ఎత్తుతాడా అమ్మా?"

"వాడా?" ఆమె గొంతు చీలింది. "వాడు ఆ దినం నేను దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె తెమ్మన్నా, సామానుకు కాలు తగులుతుందని చుట్టూ తిరిగి పోయినాడు."

"ఆ సాయంత్రం వాడెక్కడ ఉన్నాడు?"

"ఈడనే. నా ముందర. లవకుశల కథ చెప్పమని కూర్చున్నాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు రాలేదు. ముఖం దాచుకోవడానికి చోటు దొరకని మనిషిలా గోడవైపు తిరిగింది.

"పొద్దున పూజ ఎత్తబోతే సుత్తి బొట్టు చెరిగి ఉండాది నాయనా. ఆకుమీద అడ్డంగా పడి ఉండాది. రాత్రి బాదింది దాంతోనే అని నాకు అప్పుడే తెలిసిపోయింది. రాత్రి శబ్దం విని కిటికీలోంచి చూసినాను కదా. చూసి కూడా, ఇంకో బొట్టు తీసుకుని దానికి నా చేత్తోనే పెట్టినాను. ఎవరూ చూడకూడదని. దేవుడి ముందర దొంగబొట్టు పెట్టినాను."

"బాదింది మీ అబ్బాయి."

ఆమె తల ఊపింది.

"మరి ఇన్‌స్పెక్టర్ రాసిచ్చిన సాక్ష్యం? ఆరునుంచి తొమ్మిది దాకా ఇద్దరం కలిసే ఉన్నామన్నాడు. అదీ అబద్ధమేనా?"

"అది నిజమే." అమ్మాయమ్మ మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "కలిసే ఉన్నారు. కారులో. మావాడు బాదుతా ఉంటే రంగనాథనే గొట్టం పట్టుకుని కడిగినాడు. గొట్టం ఎగిరి వాడి చొక్కా అంతా తడిసింది. మావాడు ఏడుస్తానే ఉన్నాడు. 'చెయ్యి ఎత్తినాడ్రా, ఇంకా ప్రాణం ఉండాది, చూసినాను' అంటా ఉన్నాడు. రంగనాథన్ 'ఆపొద్దు అని నేనే కదా చెప్పింది, ఇంక నోరు ముయ్' అన్నాడు."

బుల్లిరాజు టార్చి ఆర్పాడు.

"ఏలుమలైని ఎవరు ఒప్పించారు?"

"నేను పోతే ఈ ఇంట్లో అమ్మ బతకదు అని మావాడు చెప్పినాడంట. అంతే. వాడు ఇంకేమీ అడగలేదు. నన్ను చూడడానికి కూడా రాకుండా పోయి ఒప్పుకున్నాడు." ఆమె చేతులు ఒకదానినొకటి నలుపుకుంటున్నాయి. "ఇద్దర్నీ నేనే పెంచినాను నాయనా. ఒకణ్ణి బతికించుకోవడానికి ఇంకొకణ్ణి ఇచ్చేసినాను."

ఆమెను తప్పుపట్టే అర్హత బుల్లిరాజుకు లేదు. ఆమె తల్లి కాబట్టి కళ్ళు మూసుకుంది. తను జనం చప్పట్లు విని మూసుకున్నాడు. అంతటితో ఆగలేదు. పొద్దున, ఏలుమలై వింటుండగా, ఆ కారు కడిగిన మనిషి ముందే నిలబడి, సాయంత్రం మేజిస్ట్రేటుకు ఏం చెప్పబోతున్నాడో వరసగా చెప్పేశాడు.

బయట చెప్పుల చప్పుడు. లోకనాథన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. తల్లి ముఖం చూశాడు. నేలమీద కూర్చున్న బుల్లిరాజును, అతని గోటికి అంటిన ఎరుపును చూశాడు. 

"రంగనాథన్ కొట్టుకు ఫోన్ చేసినాడు," అన్నాడు ఎగశ్వాసతో. "ఏలుమలైని గుద్దిన చోటు చూపించమని తీసకపోతాడంట. కదిర్కామం రోడ్డుకు. కానిస్టేబుళ్ళు ఎవరూ వద్దు, ఒక్కడే పోతాడంట."

"ఇంకేమన్నాడు?"

"ఇంక నీకు భయం లేదులే, అన్నాడు." లోకనాథన్ బుల్లిరాజు చెయ్యి పట్టుకున్నాడు. "ఆ మాట ఎందుకన్నాడు సార్? నేను అట్ల అడగలేదు. నేను వాడి ప్రాణం అడగలేదు!"

బుల్లిరాజు అప్పటికే కారు తలుపు తెరిచాడు.

"తాళం చెవి మీ దగ్గరే ఉందా?"

"ఉండాది."

"అయితే మీరే తోలండి. జీపుకన్నా ముందు చేరే అడ్డదారి మీకు తెలుసు."

"ఆ రోడ్డుకు నేను తోలలేను సార్."

"తోలురా," అంది అమ్మాయమ్మ.

ఎవరూ రమ్మనకుండానే ఆమె ముందు సీటులో కూర్చుంది. నాలుగు రోజుల కిందట రంగనాథన్ కూర్చున్న సీటు అది. లోకనాథన్ ఆమెవైపు చూడకుండా ఇంజను తిప్పాడు.

మిల్లు దాటారు. రైలుగేటు దాటారు. కదిర్కామం రోడ్డులో సరుగుడు తోపు పక్కన జీపు ఆగి ఉంది. కారు పూర్తిగా ఆగకముందే బుల్లిరాజు దూకాడు.

జీపులో ఎవరూ లేరు. వెనక సీటుమీద బేడీలు పడి ఉన్నాయి. తెంచినవి కావు. తాళంతో తీసినవి, పారిపోబోయాడని చెప్పుకోవడానికి.

తోపులోకి చూశాడు. చెట్ల మధ్య ఏలుమలై అటు తిరిగి నడుస్తున్నాడు, చేతులు వదులుగా ఊపుకుంటూ, ఏదో చోటు చూపించడానికి పోతున్నవాడిలా. పది అడుగుల వెనక రంగనాథన్. అతను నడవడం లేదు. కుడిచెయ్యి నడుము దగ్గరనుంచి పైకి లేస్తోంది.

బుల్లిరాజు కేక వేసేలోపే వెనకనుంచి ఇంకో గొంతు తోపంతా మోగింది.

"రంగనాథా!"

అమ్మాయమ్మ రోడ్డు నడిమధ్య నిలబడి ఉంది. మిల్లునుంచి షిఫ్టు దిగి సైకిళ్ళమీద వస్తున్న నలుగురైదుగురు ఆమెను చూసి కాళ్ళు ఆన్చారు.

"ఆపొద్దు అన్నది నువ్వే! చెల్లప్పన్ చెయ్యి ఎత్తినా ఆపొద్దు అన్నది నువ్వే! మావాడు తోలినాడు, నువ్వు పక్కన కూర్చున్నావు! నేను చూసినాను! చూసి నోరు మూసుకున్నాను! ఇప్పుడు అందరూ వినండి!"

ఏలుమలై ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, ముందు ఆమెను, తర్వాత తన వీపు వెనక ఉన్న పిస్తోలును చూశాడు.

సైకిళ్ళమీది వాళ్ళు దిగారు. ఒకడు సైకిలు రోడ్డుమీదే పడేశాడు.  ఒక్కొక్కరే తోపువైపు అడుగు వేశారు.

రంగనాథన్ వాళ్ళను లెక్కపెట్టుకున్నాడు. ఏలుమలైని వదిలేశాడు. మెల్లగా రోడ్డువైపు తిరిగాడు.

పిస్తోలు ఇప్పుడు అమ్మాయమ్మ మీద ఉంది. దానికి అడ్డంగా పరిగెత్తుతున్నవాడు బుల్లిరాజు కాదు, లోకనాథన్.